నీడ నడుమ వెలుగు

వంటయింటినుండి ఇల్లాలు పిలిచినచో ఆ పిలుపు నడవ దాటి, గోడ మలుపు తిరిగి, వీథియరుగుమీద కూర్చున్నవారి చెవిని చేరును. పిలిచినవారు మాత్రము కనబడరు. చెవికి దారి యిచ్చిన గోడ కంటికి దారి యియ్యదు. ప్రతి గృహమునందును దినమునకు పదిమార్లు జరుగు సంగతియే యైనను, దీనికి కారణమేమని యడుగువారు అరుదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో నొక బాలుడు మమ్ము ఈ ప్రశ్నయే యడిగెను. "వెలుతురు ఋజురేఖలో పోవును, ధ్వని యట్లు పోదు, పుస్తకములో నట్లే యున్నది" అని చెప్పి వానిని కూర్చుండబెట్టితిమి. వాడు కూర్చుండెను గాని వాని ప్రశ్న మమ్ము విడువలేదు.

తరువాత చదువగా మాకు తెలిసిన దేమనగా, ఆ ప్రశ్ననే న్యూటను మహాశయుడును వేసికొనెను; ఆయన చెప్పిన సమాధానమును పట్టుకొని విద్వల్లోకము నూరేండ్లకు పైగా నిలిచిపోయెను; తుదకు ఆ వివాదమును తీర్చినది ఒక చిన్న బిళ్ళ నీడలో కనబడిన వెలుగుచుక్క. ఆ చరిత్రమును మా పాఠకులకు విన్నవించుట యీ వ్యాసమున కుద్దేశము. ఇది భౌతికశాస్త్రమునకు చెందిన కథ యైనను, వాదముచే సత్యమును నిర్ణయింపగోరువా రందరికిని ఇందు నేర్చుకొనదగినది కలదు.

ఇటలీ దేశమున బొలోన్యా నగరములో ఫ్రాంచెస్కో మరియా గ్రిమాల్డి యను జెసూట్ మతాచార్యు డుండెను. ఈయన 1618వ సంవత్సరమున పుట్టి 1663లో కాలధర్మము నొందెను. ఈయన చీకటిగదిలోనికి మిక్కిలి చిన్న రంధ్రముగుండ సూర్యరశ్మిని రానిచ్చి, ఆ వెలుగునకు అడ్డముగ నొక సన్నని పుల్లను నిలిపి, దాని నీడను తెల్లని పలకమీద పట్టెను. వెలుతురు ఋజురేఖలోనే పోవునెడల ఆ నీడ యెంత వెడల్పుండవలెనో రేఖాగణితముచే చెప్పవచ్చును. కాని, పలకమీద పడిన నీడ యంతకంటె వెడల్పుగ నుండెను. దాని యంచులవెంట రంగుల చారలును కనబడెను. ఒక్కొక్కప్పుడు నీడ లోపల సైతము చారలు తోచెను. వెలుతురు తిన్నగా పోవుట, అద్దముమీద పడి మరలుట, నీటిలోనికి పోవునపుడు వంగుట అను మూడు మార్గములే అంతవరకు విద్వాంసులకు తెలిసినవి. ఇది నాలుగవ మార్గమని గ్రిమాల్డి నిశ్చయించి, విరిగి చెదరుట యను నర్థము వచ్చునట్లు లాటిను భాషలో దానికొక పేరు పెట్టెను. ఆయన గ్రంథము ఆయన మరణించిన రెండేండ్లకు, 1665లో, వెలువడెను. మన భాషలో దీనిని వివర్తన మందురు. వేదాంతము చదివినవారికి ఆ మాట వినగనే త్రాడును చూచి పామనుకొనుట స్ఫురింపవచ్చును. ఇచ్చట ఆ యర్థము లేదు. అడ్డువచ్చిన వస్తువు నంచున తరంగము ప్రక్కకు తిరిగి వ్యాపించుట యనియే గ్రహింపవలెను.

ఆంగ్లదేశమున న్యూటను ఈ విషయమును చేపట్టెను. 1704లో ప్రకటింపబడిన ఆయన దృక్ఛాస్త్రగ్రంథము మూడవ భాగమున ఈ ప్రయోగములు వర్ణింపబడినవి. ఆయన సీసపు రేకులో గుండుసూదితో రంధ్రము పొడిచెను. దాని వెడల్పెంతయో తెలియుట కట్టి సూదులను ప్రక్కప్రక్కను పేర్చి చూచెను. ఇరువదియొక్క సూదులు అరయంగుళ మాయెను. కావున రంధ్రము అంగుళములో 42వ వంతని గణించెను. ఆ వెలుగులో మనుష్యుని తలవెంట్రుక నొకదానిని నిలిపెను. దాని వెడల్పు అంగుళములో 280వ వంతు. పదియడుగుల దూరమున దాని నీడ అంగుళములో ఎనిమిదవ వంతుండెను; అనగా వెంట్రుకకంటె ముప్పదియైదు రెట్లు! ఇంత ఓపికతో కొలిచిన మహానుభావుని మనము తక్కువగ తలచుట తగదు.

అయినను ఆయన చేసిన నిర్ణయము వేరు. వెలుతురు సూక్ష్మకణముల ప్రవాహమనియు, వెంట్రుక కొంత దూరమునుండియే ఆ కణములను త్రోసివేయుచున్నదనియు ఆయన తలంచెను. వెలుతురు తరంగమేల కారాదన్న ప్రశ్నకు ఆయన చూపిన హేతువు మన వంటయింటి పిలుపు వంటిదే. కొండ కావలి గంట యిటువారికి వినబడును. నీటి యలలు అడ్డువచ్చిన దానిని చుట్టి వెనుకకు పోవును. వెలుతురో, నీడలోనికి వంగుట యెన్నడును కానరాదు. గ్రహము అడ్డమైనచో నక్షత్రము మరుగుపడును. కావున వెలుతురు తరంగము కాదు అని ఆయన వాదము. ఈ వాదము చూపునకు దుర్భేద్యముగనే యున్నది. అయినను తన ప్రయోగములు నడుమ ఆగిపోయినవని న్యూటను తానే యొప్పుకొని, మిగిలిన విషయములను ప్రశ్నల రూపమున రాబోవువారికి విడిచెను. ఆయన ప్రశ్నలుగ విడిచిన వానిని శిష్యులు శాసనములుగ చేసికొనిరి. మహాపురుషులకు శిష్యులవలన కలుగు అపకారములలో నిదియొకటి.

న్యూటను గ్రంథమునకు పూర్వమే, 1690లో, హాలండు దేశీయుడగు క్రిస్టియాన్ హైగెన్సు వేరొక మార్గము చూపియుండెను. చెరువులో రాయి వేసినచో వలయములు లేచును. ఆ యలయందలి ప్రతి బిందువును తానే యొక రాయివలె క్రొత్త చిన్నయల కారంభస్థానమగుననియు, ఆ చిన్నయలల నన్నిటిని కలిపి తాకు రేఖయే ముందుకు సాగిన పెద్దయల యనియు ఆయన సిద్ధాంతము. వెలుతురును ఇట్లే సాగునని ఆయన చెప్పెను. కాని, ఆ యలలు సమమైన ఎడముతో ఒకదానివెంట నొకటి వచ్చునన్న యూహ ఆయన చేయలేదు. కావున రంగుల చారలు ఆయన సిద్ధాంతమునకు చిక్కలేదు.

ఇట్లు నూరేండ్లు గడచెను. ఆ చిక్కును తీయ మొదలిడినవాడు థామస్ యంగు. ఈయన 1773లో పుట్టినవాడు, వృత్తిచే వైద్యుడు, బహుభాషావేత్త. సంస్కృతమును గ్రీకు లాటిను భాషలను ఒక్క కుటుంబముగ చూపు "ఇండో-యూరోపియను" అను మాటను 1813లో మొదట వాడినవాడు ఈయనయే యన్నచో సంస్కృతము చదివినవారికి ఈయనపై మరికొంత యాదరము కలుగక మానదు. 1803లో ఈయన లండనునందలి రాయల్ సొసైటీ యెదుట ఒక ప్రయోగమును వివరించెను. సన్నని సూర్యకిరణమునకు అడ్డముగ, అంగుళములో ముప్పదవ వంతు వెడల్పుగల అట్టముక్క నంచువైపుగ నిలిపెను. దాని నీడలోపల వెలుగుచారలును చీకటిచారలును వరుసగ కనబడెను. పిమ్మట అట్టకు ఒక ప్రక్కనుండి పోవు వెలుతురును మాత్రము మరియొక అడ్డుతో ఆపెను. నీడలోని చారలన్నియు మాయమాయెను. రెండవ ప్రక్క వెలుతురు యథాప్రకారము వచ్చుచున్నను చారలు లేవు. కావున ఆ చారలు రెండు ప్రక్కల వెలుతురును కలియుటచే పుట్టినవే. అల శిఖరముపై అల శిఖరము పడిన చోట వెలుగు హెచ్చును. శిఖరముపై పల్లము పడిన చోట రెండును సరిపోయి చీకటి యగును. వెలుతురునకు వెలుతురును కూడిన చీకటి వచ్చునన్న మాట కణవాదమున కెట్లు పొసగును?

ఈ ప్రయోగమునకు విద్వాంసు లిచ్చిన సత్కారము దుఃఖకరము. హెన్రీ బ్రూమను నతడు ఎడింబరో రెవ్యూ పత్రికయందు యంగును తీవ్రముగ నిందించెను. యుక్తిని యుక్తిచే ఖండించుటకు మారుగ న్యూటను నెదిరించు సాహసమునే పెద్ద దోషముగ చూపెను. యంగు ప్రత్యుత్తరముగ నొక చిన్న పుస్తకమును ప్రకటించెను. దాని ప్రతి యొకటియే అమ్ముడుపోయెనని ఆయనయే చెప్పుకొనెను.

ఇక ఫ్రాన్సు దేశమునకు పోదము. అగుస్తెన్ ఫ్రెనెలు 1788వ సంవత్సరము మే 10వ తేదీన నార్మండీ సీమయందలి బ్రోల్యీ గ్రామమున జన్మించెను. బాల్యమున మందబుద్ధి యనిపించుకొని, ఎనిమిదేండ్ల వయస్సునకును చక్కగ చదువలేకపోయెను. పెరిగి ప్రభుత్వమునందు బాటలు వేయించు ఇంజనీరాయెను. శరీరము దుర్బలము. 1815లో నెపోలియను ఎల్బా ద్వీపమునుండి తిరిగి వచ్చినపుడు ఈయన రాజపక్షమున చేరి, దానిచే ఉద్యోగమును పోగొట్టుకొని, మాత్యూ అను పల్లెలో తల్లియింట కాలము గడపవలసిన వాడాయెను. అచ్చట ప్రయోగశాల లేదు. సూర్యకిరణమును ఒక్క బిందువున కూర్చుటకు చిన్న కటకము కావలసివచ్చినపుడు, రేకులోని రంధ్రముపై తేనెబొట్టు నుంచి దానినే కటకముగ వాడుకొనెను. కొలతపరికరమును ఆ యూరి తాళముల పనివానిచే చేయించుకొనెను. ఆంగ్లభాష రాదు, కావున యంగు వ్రాతలను చదువలేదు. అయినను తానుగ తరంగవాదమును చేరెను. తరువాత పారిసునందలి ఫ్రాన్స్వా అరగో అను పండితుడు యంగు కృషిని తెలిపినపుడు, ఫ్రెనెలు ఆయనకు ముందుగ కనుగొన్న గౌరవమును నిండుమనస్సుతో నొసగెను.

1817లో ఫ్రెంచి విజ్ఞానపరిషత్తు వివర్తన విషయమున ఉత్తమవ్యాసమునకు బహుమాన మిచ్చెదమని ప్రకటించెను. వచ్చినవి రెండే వ్యాసములు. పరీక్షకులు ఐదుగురు: లప్లాసు, బియో, పోయిసాను, గేలుసాకు, అరగో. వీరిలో మొదటి మువ్వురును కణవాదులు. లప్లాసన్నచో ఆనాటి గణితలోకమునకు చక్రవర్తి వంటివాడు. ఇట్టి సభయెదుట ముప్పదేండ్ల బాటల ఇంజనీరు తరంగవాదమును నిలుపవలసివచ్చెను. హైగెన్సు చెప్పిన చిన్నయలలకు యంగు చెప్పిన కలయిక నియమమును జోడించి, అంచు దాటి వచ్చిన ప్రతి చిన్నయలయు ఒక స్థానమున కెట్టి స్థితిలో చేరునో గణించి, అన్నిటిని కూడినచో ఆ స్థానమున వెలుగెంతయో తేలునని ఆయన చూపెను. లెక్కను కొలతతో సరిచూచెను.

పోయిసాను మహాగణితజ్ఞుడు. ఆయన యీ వ్యాసమును త్రోసివేయలేదు, పరిహసింపనులేదు, పూర్తిగా చదివెను. చదివి, రచయిత తలంపని యొక ఫలితమును దానినుండి తీసెను. గుండ్రని బిళ్ళ నొకదానిని వెలుగుబిందువున కెదుట నిలిపినచో, ఫ్రెనెలు లెక్క ప్రకారము దాని నీడకు సరిగ నడుమ వెలుగుచుక్క యుండవలెను. అది బిళ్ళయే లేనట్లు కాంతిగలదై యుండవలెను. నీడ నట్టనడుమ వెలుగా? ఇంతకంటె విపరీత మేమి కలదు? కావున సిద్ధాంతము పరీక్షకు నిలువవలసినచో ఈ చుక్కను చూపవలెనని తాత్పర్యము.

అరగో చూచెను. రెండు మిల్లిమీటర్ల లోహపుబిళ్ళ నొకదానిని మైనముతో గాజుపలకకు అంటించి వెలుగున కెదుట నిలిపెను. నీడ పడెను. దాని నడుమ వెలుగుచుక్క యుండెను.

ఇందలి యుక్తి కఠినము కాదు. బిళ్ళ గుండ్రనిది, దాని యంచునందలి ప్రతి స్థానమునుండియు నీడ నడిమి బిందువునకు దూరము సమానమే. కావున అంచు చుట్టును వంగి వచ్చిన యలలన్నియు అచ్చటికి ఒకే కాలమున, ఒకే స్థితిలో చేరును. శిఖరముమీద శిఖరము పడును. నడిమి బిందువునుండి కొంచెము తొలగినచో దూరములు హెచ్చుతగ్గులై ఒకదాని నొకటి చెరుపుకొనును. 1819లో బహుమానము ఫ్రెనెలునకు వచ్చెను. నేడు ఆ చుక్కను కొందరు పోయిసాను చుక్క యనియు, కొందరు అరగో చుక్క యనియు పిలుచుచున్నారు. కాదని తలచినవాని పేరును చూచినవాని పేరును దానికి నిలిచినవి. సిద్ధాంతము వ్రాసినవాని పేరంతగా వినబడదు.

ఈ సందర్భమున మరియొక వింత కలదు. ఆ చుక్కను చూచినవారు అరగోకు పూర్వమే యుండిరి. 1715లో దెలీలు, 1723లో మరాల్డి అను ఖగోళపండితులు గుండ్రని వస్తువుల నీడలో దానిని కాంచిరి. కాని, దానికి స్థాన మిచ్చు సిద్ధాంతము లేకపోవుటచే అది మరపున పడెను. కన్ను చూచినంతమాత్రాన చాలదు. ఏల యను ప్రశ్న దానిని పట్టుకొనవలెను.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. తరంగము ప్రక్కకెంత తిరుగునన్నది దాని తరంగదైర్ఘ్యమునకును త్రోవ వెడల్పునకును గల నిష్పత్తినిబట్టి యుండును. క్షణమునకు, అనగా సెకండునకు, 250 కంపములుగల కంఠధ్వని గాలిలో సుమారు 1.36 మీటరు దైర్ఘ్యము గలది. తలుపు వెడల్పు సుమారొక మీటరు. రెండును ఇంచుమించు సమానములగుటచే ధ్వని గుమ్మము దాటినతోడనే విసనకఱ్ఱవలె విరియును. ఆకుపచ్చని వెలుతురు తరంగదైర్ఘ్యము మిల్లిమీటరులో సుమారు రెండువేలవ వంతు. ఆ గుమ్మము వెడల్పున ఇరువది లక్షల యలలు ఇముడును. వెలుతురునకు మన గుమ్మము మహాసముద్రము వంటిది. అందుచే వంపు కంటికి కానరాదు. వెలుతురు వంగదన్నది నిజము కాదు. మనము దానికి తగినంత సన్నని గుమ్మమును చూపలేదు. న్యూటను చూచినది సరియే. కొలబద్ద మాత్రము సరిపోలేదు. రాత్రివేళ నల్లగొడుగు గుడ్డను కంటిదగ్గర పట్టి దూరమున వెలుగు వీథిదీపమును చూచినచో, దీపము చుట్టును రంగుల చుక్కలు వరుసలుగ కనబడును. దారముల నడుమ సందులే అచ్చటి గుమ్మములు. పిల్లలచే నీ ప్రయోగము చేయింపవచ్చును. సూర్యునివైపు మాత్రము చూడనీయరాదు.

తరువాతి కథను వేగముగ చెప్పి విడిచెదము. ఫ్రెనెలు తన విద్యను దీపస్తంభముల కుపయోగించెను. ఆయన కటకములు 1823లో కోర్డువాను దీపస్తంభమున వెలిగి నావికులను కాచెను. క్షయరోగముచే 1827లో, ముప్పదితొమ్మిదవ యేట, ఆయన మరణించెను. 1906లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండిన చంద్రశేఖర వేంకట రామను ప్రకటించిన మొదటి పరిశోధనవ్యాసము ఈ వివర్తనమును గూర్చినదే. అప్పటికి ఆయన పదునెనిమిదేండ్ల విద్యార్థి. 1912లో స్ఫటికముల గుండ పంపిన ఎక్స్‌కిరణములు వివర్తనము చెందుటచే పరమాణువుల యమరిక బయలుపడెను. 1952లో లండనునందు తీసిన అట్టి ఛాయాచిత్రమే ప్రాణుల వంశబీజమగు డి.ఎన్.ఏ. మెలికరూపమును తెలిసికొనుటకు తోడ్పడెను.

ఇంతటితో తరంగవాదమే తుదిమాట యని తలంపరాదు. 1905లో ఐన్‌స్టీను వెలుతురు శక్తిమాత్రలుగ వచ్చునని చూపెను. 1927లో ఎలక్ట్రాను కణములును తరంగములవలె వివర్తనము చెందుచున్నట్లు ప్రయోగముచే తేలెను. ఓడిన కణవాదము వేరు రూపమున తిరిగి వచ్చెను. ఒక విగ్రహమును దించి దాని పీఠముపై మరియొక విగ్రహమును నిలుపువారికి ఇది మంచి హెచ్చరిక.

మన పూర్వులు శాస్త్రగ్రంథములయందు పూర్వపక్షమును ముందుగ నిలిపి పిమ్మట సిద్ధాంతమును చెప్పెడివారు. ప్రతిపక్షి తానే వచ్చి చెప్పినను అంతకంటె బాగుగ చెప్పలేడనునట్లు దానిని నిలుపుట ఉత్తమపండితుని లక్షణము. నేడు మనము చేయుచున్న దేమి? స్త్రీవిద్యను గూర్చియో, వివాహవ్యయమును గూర్చియో, కులభేదమును గూర్చియో వాదము వచ్చినపుడు ఒక పక్షమువారు పెద్దలు చెప్పిరందురు. రెండవ పక్షమువారు, అనగా మనవంటివారు, పాశ్చాత్యులు చెప్పిరందురు, శాస్త్రజ్ఞులు చెప్పిరందురు. రెండును ఆప్తవాక్యమే; పేరు మాత్రమే వేరు. బ్రూమువలె నిందించువారు ఉభయపక్షములందును కావలసినంతమంది కలరు. పోయిసానువలె ఎదుటివాని మాటను తుదివరకు చదివి, దానినుండి తప్పనిసరిగ వచ్చు ఫలితమును తీసి, దీనిని చూపుడని యడుగువారు అరుదు. అరగోవలె వెంటనే లేచి చూచువారు ఇంకను అరుదు.

సంస్కరణము కోరువారికి ఇట్టి ప్రతిపక్షి శత్రువు కాడు. ఫ్రెనెలు సిద్ధాంతమునకు మిత్రులందరు కలిసి చేసినదానికంటె పోయిసాను ఆక్షేపణ యొక్కటియే ఎక్కువ మేలు చేసెను. మన మాట నిజమైనచో ఆక్షేపణవలన అది వెలుగును. నిజము కానిచో అది త్వరగ తెలియుటయే మనకు మేలు. మన యిండ్లలో పిల్ల లడుగు ప్రశ్నలకును ఇదియే న్యాయము.

ఆ బాలుడిప్పుడు పెద్దవాడై యెచ్చటనో యున్నాడు. మేము మరల వానికి సమాధానము చెప్ప వీలుపడలేదు. ప్రతి సంవత్సరము ఆ పాఠము వచ్చినపుడు మాత్రము, పుస్తకమును మూసి, తరగతి తలుపు చాటున ఒక పిల్లవానిని నిలిపి పిలువుమని, వాని గొంతు వినబడినపుడు, "వాడు కనబడడేల?" అని మిగిలినవారిని మేమే అడుగుచున్నాము.